నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పుటను చదవడం ఎలా?

1611లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులు జరిగాయి. లండన్‌లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చయింది. ఆ ఏడాదే ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ ఓడ మన తీరానికి వచ్చి, నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ వర్తకానికి దిగింది. అక్కడ చర్చిలో చదివిన భాష, ఇక్కడ కంపెనీ గుమస్తాలు ఉత్తరాల్లో రాసుకున్న భాష ఒకే కాలానివి. తర్వాత కొన్నేళ్లకు విలియం మెథ్‌వోల్డ్ అనే ఆంగ్లేయుడు మచిలీపట్నంలో కంపెనీ పని చూస్తూ గోల్కొండ రాజ్యాన్ని గురించి ఒక వివరణ రాశాడు. అది 1626లో అచ్చయింది. మన ఊళ్ల గురించి, మన వజ్రాల గనుల గురించి ఉన్న ఆ పుటలను తెరిస్తే, ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవారికి కూడా మొదటి నిమిషంలో కళ్లు తిరుగుతాయి.

నాకూ తిరిగాయి. మొదట్లో ఒక పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకం స్కాన్ చదువుతూ, ఒక ఓడ మచిలీపట్నం నుంచి ‘ఫెయిల్డ్’ అని ఉంటే, పాపం మునిగిపోయినట్టుందని జాలిపడ్డాను. రెండు పుటల తర్వాత అదే ఓడ హాయిగా ఇంకో రేవులో తేలింది. అది ఫెయిల్డ్ కాదు, సెయిల్డ్. తప్పు ఓడది కాదు, ఎస్ అక్షరానిది.

ఒక మాట ముందే చెప్పాలి. మనం ఇక్కడ చదవబోయేది సుమారు 1500 నుంచి 1800 దాకా అచ్చయిన ఇంగ్లీషు. భాషాశాస్త్రజ్ఞులు ‘ఓల్డ్ ఇంగ్లీష్’ అనేది దీన్ని కాదు. అది సుమారు పన్నెండో శతాబ్దానికి ముందుది, దాన్ని వేరే భాషలాగే కూర్చుని నేర్చుకోవాలి. మన పుటకు అంత శ్రమ అక్కర్లేదు, రెండు మూడు సాయంత్రాలు చాలు. తెలుగువారికైతే ఇంకా తక్కువ చాలు, ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి పని: ఎస్‌ను పట్టుకోండి

చాలామంది ‘దౌ’ (నువ్వు), ‘దీ’ (నిన్ను) అనే మాటలతో పాఠం మొదలుపెడతారు. అక్షరమే కూడనివాడికి వ్యాకరణం ఎందుకు? ముందు అక్షరాలు చూద్దాం.

పాత అచ్చులో చిన్న ఎస్ రెండు రూపాల్లో ఉంటుంది. మాట చివర మనకు తెలిసిన వంకర ఎస్. మాట మొదట్లో, మధ్యలో పొడుగు ఎస్. ఇది చూడటానికి అచ్చం చిన్న ఎఫ్‌లా ఉంటుంది. తేడా అడ్డగీతలో ఉంది. ఎఫ్‌కు అడ్డగీత నిలువు గీతను దాటి కుడివైపుకు వస్తుంది. పొడుగు ఎస్‌కు ఎడమవైపు మాత్రమే చిన్న మొలక ఉంటుంది, వాలు అక్షరాల్లో అదీ ఉండదు. రెండు ఎస్‌లు మాట చివర వస్తే సాధారణంగా మొదటిది పొడుగు, రెండోది వంకర. పెద్ద ఎస్‌కు ఈ బాధ లేదు, ఎప్పుడూ ఒకటే రూపం.

ఈ పొడుగు ఎస్‌ను మీరు ఇదివరకే చూశారు. ఇంటర్‌లో లెక్కలు చదివి ఉంటే వందల సార్లు గీశారు కూడా. సమాకలనం గుర్తు అదే. మొత్తం అనే అర్థమున్న లాటిన్ మాట ‘సుమ్మా’లోని మొదటి అక్షరాన్ని 1675లో జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ ఆ పనికి వాడుకున్నాడు. ఆయన చేతిరాతలో ఎస్ అలాగే ఉండేది మరి. అచ్చులో దీని ఆయువు 1800 ప్రాంతంలో తీరింది. లండన్ ‘టైమ్స్’ పత్రిక 1803లో దీన్ని వదిలేసింది. కాబట్టి ఒక పుస్తకం మీద తేదీ లేకపోయినా, లోపల పొడుగు ఎస్‌లు నిండుగా ఉంటే అది పద్దెనిమిదో శతాబ్దం దాటి ఉండదని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు.

ఇక్కడే పనికొచ్చే ఒక చిట్కా. పాత పుస్తకాల స్కాన్లలో మాటలు వెతికేటప్పుడు కంప్యూటర్ కూడా నాలాగే మోసపోతుంది, పొడుగు ఎస్‌ను ఎఫ్‌గా చదివి దాచుకుంటుంది. మచిలీపట్నానికి ఆంగ్లేయులు రాసిన పేరు మసులిపటం. మీరు అలా వెతికితే ఏమీ దొరకకపోవచ్చు. మధ్యలోని ఎస్ తీసి ఎఫ్ పెట్టి ‘మఫులిపటం’ అని వెతకండి. నవ్వు వచ్చినా సరే, పుటలు దొరుకుతాయి.

రెండో పని: యు, వి, ఐ, జె

ఈ నాలుగూ నిజానికి అప్పట్లో రెండే అక్షరాలు. యు, వి అనేవి ఒకే అక్షరానికి రెండు వేషాలు. ఏ వేషం ఎక్కడన్నది ధ్వనిని బట్టి కాదు, చోటును బట్టి. మాట మొదట్లో వి, మిగతా చోట్ల యు. అందుకే ‘అపాన్’ అనే మాట వి-పి-ఓ-ఎన్ అని, ‘హ్యావ్’ అనేది హెచ్-ఎ-యు-ఇ అని, ‘లవ్’ అనేది ఎల్-ఓ-యు-ఇ అని కనిపిస్తాయి. సూత్రం తెలిస్తే ఇది ఒక్క పూటలో అలవాటైపోతుంది. అలాగే జె బదులు ఐ ఉంటుంది. 1611 నాటి బైబిలులో జీసస్ పేరు ఐ అక్షరంతోనే మొదలవుతుంది. ‘జడ్జ్’ కూడా అంతే. 1630ల నాటికి ఇంగ్లండు అచ్చుకూటాల్లో ఇప్పటి పద్ధతి నిలదొక్కుకుంది. కాబట్టి మెథ్‌వోల్డ్ పుటలకు ఈ సూత్రం కావాలి, పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకాలకు అక్కర్లేదు.

ఎ, ఇ, ఓ లాంటి అచ్చు మీద అడ్డంగా చిన్న గీత కనిపిస్తే కంగారు పడకండి. ఆ అచ్చు తర్వాత ఒక ఎన్ గానీ ఎమ్ గానీ ఉందని, చోటు చాలక దాన్ని మింగేశారని అర్థం. ‘ఫ్రమ్’లో ఓ మీద గీత పెట్టి ఎమ్ వదిలేస్తారు. మన సున్న చేసే పనే ఇది. పక్కన వచ్చే హల్లును బట్టి సున్నను న అనో మ అనో పలకడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు, దీనికి వేరే పాఠం అవసరం లేదు.

అదనపు ఇ-లను పట్టించుకోకండి. ‘కింగ్‌డమ్’ చివర ఒక ఇ, ‘గో’ చివర ఒక ఇ, ఒకే పుటలో ఒకే మాటకు రెండు వర్ణక్రమాలు. ఇవి తప్పులు కావు. స్థిరమైన వర్ణక్రమం అనే ఆలోచనే అప్పటికి పూర్తిగా కుదురుకోలేదు. కన్ను తడబడితే పైకి చదవండి. చెవి తొందరగా పోల్చుకుంటుంది.

మూడో పని: ముల్లు గుచ్చుకోకుండా చూసుకోండి

ఇంగ్లండులో పాతకాలపు వాతావరణం కోసం కొన్ని దుకాణాలు ‘యీ ఓల్డ్’ అని బోర్డు పెట్టుకుంటాయి. వై-ఇ అని ఉంటుంది, చూసినవారంతా ‘యీ’ అని చదువుతారు. అది ఎన్నడూ ‘యీ’ కాదు. అది ‘ద’.

కథ ఇదీ. ఇంగ్లీషుకు ఒకప్పుడు త-కారం, ద-కారాల లాంటి ఊదుడు ధ్వనికి సొంత అక్షరం ఉండేది. దాని పేరు థోర్న్, అంటే ముల్లు. ఉత్తర యూరప్‌లోని ప్రాచీన రూనిక్ లిపి నుంచి లాటిన్ లిపిలోకి తెచ్చుకున్న అక్షరం. చేతిరాతలో దాని పొట్ట పైభాగం తెరుచుకుంటూ పోయి, చివరికి వై-తో కలిసిపోయింది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి, యూరప్ నుంచి వచ్చే అచ్చు దిమ్మల్లో ముల్లు లేదు. చాలాచోట్ల టి-హెచ్ అని రెండు అక్షరాలు పెట్టారు. చోటు ఇరుకైనప్పుడు మాత్రం వై పెట్టి, దాని నెత్తిన చిన్న ఇ వేసి ‘ద’ అనిపించారు. వై మీద చిన్న టి ఉంటే ‘దట్’. 1611 బైబిలు మొదటి ముద్రణలో కూడా ఇవి అక్కడక్కడా ఉన్నాయి.

చిక్కేమిటంటే, మీరు అనే అర్థంలో ‘యీ’ అనే అసలైన సర్వనామం కూడా అప్పట్లో ఉంది. రెండూ వై-ఇ. పోల్చుకోవడానికి పక్క మాట చూడండి. తర్వాత నామవాచకం వస్తే అది ‘ద’, క్రియ వస్తే అది ‘మీరు’. ఇ అక్షరం నెత్తిమీద ఎక్కి ఉంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, అది ‘ద’ మాత్రమే.

ముల్లుకు తోబుట్టువులు కొన్ని ఉన్నాయి. ఎథ్ అనే అక్షరం అదే ధ్వనికి వాడేవారు, విన్ అనేది డబ్ల్యు ధ్వనికి. అచ్చుయంత్రం రావడానికి ముందే ఈ రెండూ పోయాయి కాబట్టి మీకు అడ్డు రావు. ఐస్‌లాండ్ వారు మాత్రం ముల్లును, ఎథ్‌ను ఇప్పటికీ రోజూ రాసుకుంటున్నారు. ఇంకొకటి యోఖ్, మూడు అంకెలా కిందికి వేలాడేది. ‘నైట్’ లాంటి మాటల్లో ఇప్పుడు పలకకుండా ఉండిపోయిన జి-హెచ్ ఒకప్పుడు యోఖ్ కూర్చున్న చోటు. స్కాట్లండులో అచ్చువేసేవారు యోఖ్ దొరక్క, దాన్ని పోలిన జెడ్ పెట్టేశారు. ఫలితంగా అక్కడి కొన్ని ఇంటిపేర్లు నేటికీ రాసేది ఒకటి, పలికేది ఒకటి. మెన్జీస్ అని రాసి ఉన్న పేరును అక్కడి పాతవారు ‘మింగిస్’ అంటారు.

మన బండి ఱ గుర్తుకు రావడం లేదూ? అరసున్నను, ఱ-ను పాఠ్యపుస్తకాల నుంచి తప్పించాక పుట్టినవారు పాత తెలుగు పుస్తకం తెరిచినప్పుడు పడే అవస్థే ఇది.

నాలుగో పని: క్రియల తోకలు

ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఉంది. నేటి ఇంగ్లీషువాడికి క్రియ పురుషను బట్టి మారడం దాదాపు మరిచిపోయిన విద్య. మనకు అది ఊపిరి. వస్తాను, వస్తావు, వస్తాడు అని తోక మార్చకుండా మనం ఒక్క వాక్యం మాట్లాడలేం. కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి. ‘ఎస్ట్’ అనే తోక మన ‘వు’. ‘ఎత్’ అనే తోక మన ‘డు’, ‘ది’.

దౌ అంటే నువ్వు. దాని క్రియకు ఎస్ట్ లేదా ఎస్‌టి చేరుతుంది: దౌ లవెస్ట్, దౌ నోయెస్ట్, దౌ గోయెస్ట్. హి, షి, ఇట్‌లకు ఎత్ చేరుతుంది: హి లవెత్, షి గోయెత్. ఐ, వి, యీ, దే అనే వాటికి ఏమీ చేరదు. అంతే, పట్టిక అయిపోయింది.

బట్టీ పట్టాల్సినవి కొన్నే. దౌతో వచ్చేవి ఆర్ట్, హ్యాస్ట్, డస్ట్, క్యాన్‌స్ట్, వుడ్‌స్ట్. షల్, విల్‌లు మాత్రం ఎస్ట్‌కు లొంగక టి ఒక్కటే తగిలించుకుని షాల్ట్, విల్ట్ అవుతాయి. హి పక్కన హ్యాజ్ బదులు హ్యాత్, డజ్ బదులు డత్. భూతకాలంలో దౌకు తోక ఉంటుంది, డిడ్‌స్ట్, హ్యాడ్‌స్ట్ అని. హి-కి భూతకాలంలో తోక ఉండదు.

సాధన చేయడానికి ఇరవై మూడో కీర్తనను మించింది లేదు. మీరు క్రైస్తవులు కాకపోయినా ‘యెహోవా నా కాపరి’ అనే మొదటి మాటలు ఎక్కడో విని ఉంటారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే కింగ్ జేమ్స్ ప్రతులు 1769లో ఆక్స్‌ఫర్డ్‌లో సవరించిన వర్ణక్రమంతో ఉంటాయి కాబట్టి అక్షరాల గొడవ లేదు, తోకలు మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి సగంలో కీర్తనకారుడు దేవుణ్ణి గురించి ‘ఆయన’ అని చెబుతాడు. మేకెత్, లీడెత్, రెస్టోరెత్ అని అన్నీ ఎత్‌లే. నాలుగో వచనంలో చీకటి లోయ రాగానే గొంతు మారుతుంది. దేవుడి గురించి చెప్పడం మాని, దేవుడితోనే మాట్లాడతాడు: దౌ ఆర్ట్ విత్ మి. అక్కడి నుంచి ప్రిపేరెస్ట్, అనాయింటెస్ట్ అని అన్నీ ఎస్ట్‌లు. భయం వేసినచోట ‘ఆయన’ కాస్తా ‘నువ్వు’ అయిపోవడం తోకల్లోనే కనిపిస్తుంది. దుడ్డుకర్ర, దండం కలిసి ఆదరించే చోట ‘కంఫర్ట్’కు ఏ తోకా లేదు, ఎందుకంటే అవి రెండు, బహువచనం. చివర్లో గిన్నె ఒక్కటే కాబట్టి ‘రనెత్’. పెన్సిల్ తీసుకుని ప్రతి క్రియ కింద గీత గీసి, కర్త ఎవరో పక్కన రాయండి. పదిహేను నిమిషాల పని.

ఎత్ స్థానంలోకి ఇప్పటి ఎస్ ఎలా వచ్చిందంటే, అది ఉత్తర ఇంగ్లండు మాండలికం నుంచి దక్షిణానికి పాకింది. షేక్‌స్పియర్ కాలంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో పోర్షియా దయను గురించి చెప్పే మాటల్లో ఒకే పాదంలో బ్లెసెత్ కూడా ఉంది, గివ్స్, టేక్స్ కూడా ఉన్నాయి. ఛందస్సుకు ఒక అక్షరం ఎక్కువ కావాలంటే ఎత్, తక్కువైతే ఎస్. మన పద్యకవులు ద్రుతాన్ని కావాలంటే ఉంచి, వద్దంటే తీసేసినట్టే. పైగా, రాతలో ఎత్ ఉన్నా నోటితో ఎస్ అనే పలుకుతారని 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే ఆయన వర్ణక్రమ పుస్తకంలో చెప్పాడు. ‘చెప్పెను’ అని రాసి ‘చెప్పాడు’ అని మాట్లాడిన తరాలకు ఇది వింతేమీ కాదు. హ్యాత్, డత్ మాత్రం మిగతావి పోయిన తర్వాత కూడా చాలాకాలం మొండిగా నిలిచాయి.

అయిదో పని: నువ్వా, మీరా?

దౌ అంటే ఏదో గంభీరమైన, గౌరవప్రదమైన మాట అని నేటి ఇంగ్లీషు పాఠకులు అనుకుంటారు. దేవుణ్ణి పిలిచేది కదా అని. మనం ఆ గోతిలో పడనక్కర్లేదు. మనమూ దేవుణ్ణి ‘నువ్వు’ అనే పిలుస్తాం, ఇంట్లో మామగారిని మాత్రం ‘మీరు’ అంటాం. దౌ అంటే అచ్చంగా మన నువ్వు. చనువుంటే ప్రేమ, లేకపోతే అవమానం. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆయన్ను కావాలనే దౌ అని పిలిచి, అలా పిలుస్తున్నానని నొక్కి మరీ చెప్పాడు. నిండు సభలో ఒక పెద్దమనిషిని ‘ఒరేయ్’ అన్నట్టు. తర్వాత క్వేకర్లు అనే మత వర్గంవారు మనుషులంతా సమానమని చెబుతూ అందరినీ దౌ, దీ అనే పిలిచి చీవాట్లు తిన్నారు.

రూపాలు ఇవి. దౌ అంటే నువ్వు, దీ అంటే నిన్ను లేక నీకు, దై అంటే నీ. అచ్చుతో మొదలయ్యే మాట ముందు దై కాస్తా దైన్ అవుతుంది, కొన్ని హెచ్ మాటల ముందు కూడా. నీది అని విడిగా చెప్పినా దైన్. బహువచనంలో కర్తకు యీ, కర్మకు యు. షేక్‌స్పియర్ నాటికే యీ, యు కలగాపులగం అయ్యాయి గానీ, కింగ్ జేమ్స్ బైబిలు అనువాదకులు తేడాను చక్కగా పాటించారు. అయితే వారు గౌరవాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కడైతే రాజునైనా దౌ, ఇద్దరైతే కూలీలనైనా యీ.

ఈ తేడా అర్థాన్నే మార్చే చోట్లు ఉన్నాయి. లూకా సువార్త ఇరవై రెండో అధ్యాయంలో యేసు సీమోనుతో మాట్లాడుతూ, సాతాను జల్లించాలని కోరుకున్నది ‘యు’ను అని, తాను ప్రార్థించింది ‘దీ’ కోసం అని అంటాడు. నేటి ఇంగ్లీషులో రెండూ యు అయిపోయి, ప్రమాదం ఒక్క సీమోనుకే అన్నట్టు వినిపిస్తుంది. తెలుగు బైబిలు తీసి చూడండి, ‘మిమ్మును’ అని ఒకచోట, ‘నీకొరకు’ అని మరోచోట స్పష్టంగా ఉంటుంది. ప్రమాదం శిష్యులందరిదీ. పాత ఇంగ్లీషులో సందేహం వచ్చినప్పుడు తెలుగు ప్రతిని పక్కన పెట్టుకోవడం చాలా చౌకైన సాధనం.

ఆరో పని: మిగతా ప్రత్యయాలు

వీటి మీద ఎక్కువసేపు కూర్చోకండి. ‘ఎన్’తో బహువచనం: ఆక్సెన్, చిల్డ్రన్ మిగిలాయి, ఐయెన్ అంటే కళ్లు, షూన్ అంటే చెప్పులు అనేవి పోయాయి. ‘స్టర్’ ఒకప్పుడు పని చేసే స్త్రీని సూచించేది. వడికే ఆమె స్పిన్‌స్టర్. నేత నేసేవారు వెబ్‌స్టర్, రొట్టెలు కాల్చేవారు బ్యాక్‌స్టర్, ఇవి రెండూ ఇప్పుడు ఇంటిపేర్లుగా మిగిలాయి. క్రియ ముందు వై కనిపిస్తే, ‘యిక్లెప్ట్’లో లాగా, అది పాత భూత కృదంత చిహ్నం. ఆ మాటకు ‘పేరు గల’ అని అర్థం. ట్వెంటియెత్ చివరి ఎత్‌కు మన క్రియల ఎత్‌తో చుట్టరికం లేదు, పేరు ఒకటే.

‘ఇడి’ విషయంలో మాత్రం జాగ్రత్త. పద్యం పైకి చదివేటప్పుడు ఇ-డి అని పూర్తిగా ఉంటే బ్లెసెడ్ అని ఒక అక్షరం ఎక్కువగా పలకండి. ఇ తీసేసి పైన కామా పెట్టి ఉంటే పలకవద్దు. మాత్రల లెక్క కుదరకపోతే సగం సార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

మీరే రాయాల్సి వస్తే

కాలేజీ నాటకానికో, క్రిస్మస్ ప్రదర్శనకో పాతకాలపు ఇంగ్లీషు సంభాషణలు రాయమంటారు. చాలామంది దొరికిన ప్రతి మాటకూ ఎత్ అంటించేస్తారు. ‘ఐ గోయెత్’ అంటే తెలుగులో ‘నేను వెళ్తాడు’ అన్నట్టే. ‘దౌ గోయెత్’ అంటే ‘నువ్వు వెళ్తాడు’. రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా తెలుగులోకి దించి చూస్తే తప్పు తనంతట తానే పళ్లికిలిస్తుంది.

ఇంకో మూడు చోట్ల తోక పెట్టకూడదు. సహాయక క్రియ ఉన్నప్పుడు తోక దానికే, అసలు క్రియకు కాదు: దౌ డస్ట్ నో, అంతేగాని డస్ట్ నోయెస్ట్ కాదు. ఆజ్ఞాపించేటప్పుడు తోక లేదు. కోరికకు, దీవెనకు తోక లేదు. ‘గాడ్ సేవ్ ద కింగ్’లో సేవ్‌కు ఇప్పటికీ ఎస్ లేనిది అందుకే, అది ‘కాపాడుతాడు’ కాదు, ‘కాపాడుగాక’. మన ‘గాక’ ఉన్నచోట ఎత్‌ను తీసేయండి.

ఇవన్నీ అయ్యాక మెథ్‌వోల్డ్ దగ్గరికి వెళ్లండి. పాత యాత్రా రచనలను అచ్చువేసే హాక్లూట్ సొసైటీ 1931లో గోల్కొండ మీద వేసిన సంపుటంలో ఆయన వివరణ ఉంది, మోర్‌లాండ్ సంపాదకుడు. ముందు అది చదివి, తర్వాత 1626 నాటి అచ్చు స్కాన్ తెరవండి. మొదటి పుట నుంచి కాక, వజ్రాల గని ఉన్న చోటు నుంచి మొదలుపెట్టండి. విషయం ఎటూ తెలిసిందే కాబట్టి కన్ను అక్షరాల మీద నిలుస్తుంది. గోల్కొండ పేరు మధ్యలో ఒక హెచ్ ఉంటుంది, ఉండనివ్వండి.